పాత బాయిలర్ పారేయాలా, బాగు చేయించాలా? బొగ్గుబాయి నుంచి బాత్రూమ్ దాకా వేడినీళ్ల చరిత్ర

చలికాలం వచ్చిందంటే మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి వైపు చాలా ఇండ్లల్లో ఒకటే పంచాయితీ. ఇంట్ల పాత బాయిలర్ కారుతోంది, లేదంటే గీజర్ వేడెక్కట్లేదు. కొత్తది కొనాలంటే నెల బడ్జెట్ తప్పిపోతుంది. బాగు చేయిస్తే ఎన్నాళ్లు నడుస్తుందో తెలియదు. ఏం చేయాలి?

ఇది మెకానిక్‌ని అడిగే ప్రశ్నలాగే ఉంటుంది కానీ దీని వెనక మూడు వందల ఏండ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఎక్కువ భాగం బొగ్గు గనుల్లోనే జరిగింది. మన బాత్రూమ్‌లో ఉన్న గీజర్‌ని విప్పి చూస్తే, అందులో ఒక్కో పార్ట్ వెనక ఒక్కో గని కథ కనబడుతుంది. ఆ కథ తెలిస్తే, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టొద్దు అన్నది కూడా తేలిపోతుంది. అందుకే ఈ ఎపిసోడ్.

మొదట మన ఇండ్ల సంగతి చూద్దాం. బాయిలర్ రాకముందు ఏముండేది? గంగాళం, కాగు. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద రాగి పాత్రో, మట్టి కాగో పెట్టి, కింద కట్టెలు, పిడకలు వేసి నీళ్లు కాచేవాళ్లు. ఇందులో ఇబ్బంది ఏంటంటే, మంట పాత్ర చుట్టూ బయటికే పోతుంది. కట్టెల వేడిలో కొంచెమే నీళ్లకు అందుతుంది, మిగతాది గాలిపాలు.

రాగి బాయిలర్ వచ్చి ఈ లెక్కను తిప్పేసింది. నిలువుగా ఉన్న రాగి డ్రమ్ము, దాని నడుమ నుంచి పైకి ఒక పొగగొట్టం, అడుగున ఇనుప జాలీ, జాలీ కింద బూడిద పడే చోటు. మంట గొట్టం లోపల, నీళ్లు గొట్టం చుట్టూ. అంటే ఇదివరకు మంట మధ్యలో నీళ్లుండేవి, ఇప్పుడు నీళ్ల మధ్యలో మంట ఉంది. పొగ పైకి పోతూ పోతూ దారి పొడుగునా నీళ్లకు వేడి ఇచ్చి పోతుంది. కొన్నింటికి పైన గరాటు ఉంటుంది. అందులో చల్లనీళ్లు పోస్తే అవి అడుగుకు దిగుతాయి, పైన తేలిన వేడినీళ్లు గొట్టంలోంచి బయటికొస్తాయి. మోటార్ లేదు, కరెంట్ లేదు. వేడినీళ్లు తేలిక, చల్లనీళ్లు బరువు అన్న ఒక్క సూత్రం మీదే పని మొత్తం.

ఇప్పుడు ఇదే వస్తువు బొగ్గు బెల్టులో ఎందుకు అంత ముఖ్యమైందో చూడండి. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పెట్టారు, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో అదే సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1920ల చివర్లో బెల్లంపల్లి, 1950ల మొదట్లో మందమర్రి, 1960ల మొదట్లో రామగుండం. ఇట్లా బాయిలు గోదావరి రెండు ఒడ్డుల మీదికీ వచ్చాయి. ఊళ్లల్లో పొలం పని వదిలి వేలమంది బాయి పనికి వచ్చారు.

తట్టా చెమ్మస్ పని అంటే మీ తాతలను అడగండి. చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి, తట్టలో మోసి, టబ్బులు నింపడం. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషికి కండ్లు, పండ్లు తప్ప ఏమీ తెల్లగా ఉండవు. బొగ్గు దుమ్ము చెమటతో కలిసి చర్మానికి పట్టుకుంటుంది, చల్లనీళ్లకు సరిగ్గా పోదు. మనందరికీ తానం పొద్దున ఒకసారి. బాయి కార్మికుడి ఇంట్లో మాత్రం షిఫ్టును బట్టి తానం. ఫస్ట్ షిఫ్టుకు పోయేముందు తెల్లారకముందే, నైట్ షిఫ్టు దిగినంక పొద్దున, సెకండ్ షిఫ్టు అయితే అర్ధరాత్రి. అన్నం కన్నా ముందు అడిగేది వేడినీళ్లే.

మరి ఆ నీళ్లు ఎవరు కాచేవాళ్లు? దీన్ని పెద్ద ప్రశ్నగా మార్చినవాళ్లు మనకు చాలా దూరంలో ఉన్నారు. 1919లో బ్రిటన్‌లో బొగ్గు పరిశ్రమ మీద సాంకీ కమిషన్ కూర్చుంది. అక్కడికి వేల్స్ నుంచి ఎలిజబెత్ ఆండ్రూస్ అనే ఆమె వచ్చి సాక్ష్యం చెప్పింది. బరువైన నీళ్ల పాత్రలు ఎత్తి ఎత్తి గని కార్మికుల భార్యల ఆరోగ్యం పాడవుతోంది, మరిగే నీళ్లు మీద పడి పిల్లలు కాలిపోతున్నారు, కాబట్టి స్నానం గని దగ్గరే చేసే ఏర్పాటు ఉండాలి అన్నది ఆమె వాదన. 1920లో అక్కడ టన్ను బొగ్గుకు ఒక పెన్నీ చొప్పున మైనర్స్ వెల్ఫేర్ ఫండ్ పెట్టారు. 1926లో గనుల దగ్గర స్నానాల గదులు కట్టడం కోసం అదనంగా ఇంకో లెవీ వేశారు.

మన దేశంలో కూడా 1952 మైన్స్ యాక్ట్ కింద 1959లో కోల్ మైన్స్ పిట్‌హెడ్ బాత్ రూల్స్ వచ్చాయి. అంటే గని పైన కార్మికులకు స్నానాల గది అనేది దయ కాదు, చట్టంలో రాసిన విషయం. కానీ రూల్ వచ్చిన రోజే అందరి అలవాటూ మారదు కదా. ఇంటికొచ్చి తానం చేసే మనిషి ఉన్నంతకాలం ఇంట్ల పొయ్యి వెలగాల్సిందే. ఆ పొయ్యి ముందు కూర్చున్నది ఆడవాళ్లే.

ఇక లెక్క చూద్దాం, ఎందుకంటే బడ్జెట్ అన్నాం కదా. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లు తీసుకోండి. చలికాలంలో 20 డిగ్రీలు ఉన్నాయి, 45 డిగ్రీలకు తేవాలి. ఒక లీటరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలోకేలరీ కావాలి. 20 లీటర్లు, 25 డిగ్రీలు, అంటే 500 కిలోకేలరీలు. కిలోకు 4000 కిలోకేలరీలు ఇచ్చే బొగ్గు అనుకుందాం. ఇంటి బాయిలర్లో అందులో పావు వంతు నీళ్లకు చేరిందనుకుంటే, బకెట్‌కు అర కిలో బొగ్గు. నలుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు. మూడు నెలల చలికాలానికి 180 కిలోలు.

కార్మికులకు ఇంటి వాడకానికి బొగ్గు ఇవ్వడం మన దేశంలో బొగ్గు పరిశ్రమలో చాలాకాలం నడిచిన పద్ధతి. కాబట్టి గని ప్రాంతాల్లో ఎంతోమందికి ఈ 180 కిలోలు జేబులోంచి పోయే ఖర్చు కాదు. బాయిలర్ ఒకసారి కొంటే చాలు, నడపడానికి పైసా పడదు. ఖర్చు పడేది ఊపిరితిత్తుల మీద, బట్టల మీద, గోడల మీద. ఏ బిల్లులోనూ రాని ఖర్చు అది.

సరే, మరి పాత బాయిలర్ పాడైతే అప్పట్లో ఏం చేసేవాళ్లు? పారేసేవాళ్లు కాదు. దానికి రెండు కారణాలు. ఒకటి, రాగికి ఎప్పుడూ విలువ ఉంది. వాడి వాడి నల్లబడ్డా తూకానికి డబ్బులొస్తాయి. ఒకరకంగా అది వేడినీళ్లిచ్చే సేవింగ్స్ అకౌంట్. రెండు, బాగు చేసే మనిషి గల్లీకే వచ్చేవాడు. పాత్రలకు మాట్లు వేసేవాళ్లు, కళాయి పూసేవాళ్లు కొలిమి, సీసం, తగరం పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు. మాటు అంటే చిల్లు మీద అతుకు. కళాయి అంటే పాత్ర లోపల తగరం పూత.

ఇక్కడ ఒక టెక్నికల్ ముచ్చట ఉంది, గుర్తుపెట్టుకోండి. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. కానీ మాటుకు వాడే తగరం, సీసం మిశ్రమం 200 డిగ్రీల దగ్గర్లోనే కరిగిపోతుంది. మరి కింద మంట పెడితే మాటు ఎందుకు ఊడట్లేదు? లోపల నీళ్లున్నాయి కాబట్టి. నీళ్లు మరిగినా 100 డిగ్రీలు దాటవు, అవి ఆ వేడిని లాగేసుకుంటాయి. నీళ్లు లేకుండా మంట పెట్టారో, నిమిషాల్లో అతుకు కరిగి కారుతుంది. అందుకే మన పెద్దవాళ్లు ముందు నీళ్లు, తర్వాత నిప్పు అని చెప్పేది. అది చాదస్తం కాదు, మెటలర్జీ.

ఇప్పుడు కథను కొంచెం వెనక్కి తీసుకెళ్దాం. అసలు బాయిలర్ ఎక్కడ పుట్టింది? 1712లో ఇంగ్లాండ్‌లోని డడ్లీ దగ్గర థామస్ న్యూకొమెన్ ఆవిరి ఇంజన్ పెట్టాడు. దేనికి? బొగ్గు గనిలోకి ఊరే నీళ్లు తోడడానికి. ఆయన ఆవిరి కోసం వాడిన మొదటి బాయిలర్లు ఎట్లుండేవంటే, బీరు కాచేవాళ్లు వాడే పెద్ద రాగి పాత్రకు పైన మూత బిగించినట్టు. అంటే ఫ్యాక్టరీ బాయిలర్ పుట్టింది గంగాళం లాంటి పాత్రలోంచే. మన జిల్లాలో జైపూర్ దగ్గర 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ ప్లాంట్ ఉంది కదా, అందులోని భారీ బాయిలర్‌కు కూడా ముత్తాత ఆ రాగి పాత్రే.

మూత బిగించినంక ప్రమాదం మొదలైంది. నీళ్లు ఆవిరైతే దాదాపు 1600 రెట్లు వ్యాపిస్తాయి. బయటికి దారి లేకపోతే పాత్ర పేలుతుంది. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి జనం చనిపోయారు. ఆ మరుసటేడే బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. దేశం మొత్తానికి ఇండియన్ బాయిలర్స్ యాక్ట్ 1923లో వచ్చింది. 2025లో దాని స్థానంలో కొత్త బాయిలర్స్ యాక్ట్ వచ్చింది. ఈ చట్టాల లెక్కలో బాయిలర్ అంటే, మూసి ఉన్న పాత్రలో ప్రెజర్ కింద ఆవిరి తయారు చేసేది. మన ఇంటి రాగి బాయిలర్ పైన గరాటు తెరిచే ఉంటుంది. కాబట్టి అది పేరుకు బాయిలర్ గానీ, చట్టం ప్రకారం కాదు.

దీంట్లో రిపేర్‌కు పనికొచ్చే మాట ఒకటుంది. గరాటు ఉన్న బాయిలర్‌కు ఆ గరాటే సేఫ్టీ వాల్వ్. వేడి ఆగాలని దాన్ని మూసేయడం, వేడినీళ్లు బయటికొచ్చే గొట్టానికి కొత్తగా నల్లా బిగించడం అస్సలు చేయొద్దు. రెండు దారులూ మూసుకుపోతే, ఇంట్లోనే 1863 నాటి కథ మొదలవుతుంది.

తర్వాత గీజర్ దగ్గరికి వద్దాం. ఈ మాట ఐస్‌లాండ్‌ది. అక్కడ భూమిలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే ఊట పేరు గేసిర్. 1868లో లండన్‌లో బెంజమిన్ మాఘన్ గ్యాస్‌తో స్నానానికి నీళ్లు కాచే మెషీన్ తయారు చేసి ఆ పేరే పెట్టాడు. అందులో పెద్ద లోపం ఏంటంటే, కాలిన గ్యాస్ బయటికి పోవడానికి పొగగొట్టం లేదు. బాత్రూమ్‌లోనే పొగ.

ఆ పొగలో ఏముంది? కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. దీని గుట్టు కూడా బొగ్గు గనిలోనే బయటపడింది. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే సైంటిస్ట్ గని పేలుళ్లలో చనిపోయినవాళ్లను పరిశీలించాడు. చాలామంది పేలుడు దెబ్బకు కాదు, ఆ తర్వాత పీల్చిన ఈ గ్యాస్‌తో చనిపోయారని 1896 రిపోర్టులో తేల్చాడు. చిన్న ప్రాణులకు ఈ గ్యాస్ ముందే ఎక్కుతుంది కాబట్టి వాటిని గనిలోకి తీసుకెళ్లమన్నాడు. గని కార్మికులు పంజరంలో కేనరీ పిట్టను పట్టుకెళ్లడం అట్లా మొదలైంది. బ్రిటన్‌లో 1980ల దాకా ఆ పిట్టలు డ్యూటీ చేశాయి.

ఇప్పుడు మన బాత్రూమ్‌లో పిట్ట లేదు. కానీ గ్యాస్ మాత్రం అదే. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో బొగ్గు బాయిలర్ గానీ, బొగ్గుల కుంపటి గానీ, గ్యాస్ గీజర్ గానీ పెడితే, తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం. అరిచే టైమ్ కూడా ఇవ్వదు. కాబట్టి బడ్జెట్ ఎంత టైట్‌గా ఉన్నా ఒక్క పాయింట్ మీద రాజీ వద్దు. నిప్పుతో పనిచేసే హీటర్ ఏదైనా సరే బాత్రూమ్ బయట, గాలాడే చోట ఉండాలి. పాత ఇండ్లల్లో బాయిలర్‌ను వెనక వాకిట్లో పెట్టేవాళ్లు కదా, ఆ జాగా ఎంపిక సరైనది.

ఇక కరెంట్ గీజర్. ఒకసారి లెక్క వేద్దాం. అదే బకెట్, అదే 500 కిలోకేలరీలు. కరెంట్‌లో చెప్తే 0.58 యూనిట్. వెయ్యిన్నర వాట్ల రాడ్ పెడితే సుమారు 23 నిమిషాలు. యూనిట్ 5 రూపాయలు అనుకుంటే బకెట్‌కు మూడు రూపాయల లోపే. నలుగురికి రోజుకు పన్నెండు రూపాయల లోపు, మూడు నెలలకు వెయ్యి రూపాయల పైచిలుకు. మీ బిల్లులో యూనిట్ రేటు చూసుకుని ఈ లెక్క మార్చుకోండి.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఆ కరెంట్ ఎక్కడిది? మన బెల్టులో ఎక్కువగా బొగ్గుదే. రామగుండం ఎన్‌టీపీసీలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది, జైపూర్ ప్లాంట్ 2016లో. బొగ్గులో ఉన్న వేడిలో సుమారు మూడో వంతే కరెంట్‌గా మారుతుంది. ఆ లెక్కన మీ బకెట్ కోసం ప్లాంట్‌లో కాలే బొగ్గు 350 నుంచి 400 గ్రాములు. ఇంటి బాయిలర్లో అర కిలో. చూశారా, పెద్ద తేడా లేదు. బొగ్గు తగ్గలేదు, పొగ మాత్రం మీ అమ్మమ్మ కండ్లల్లోంచి ప్లాంట్ చిమ్నీ మీదికి పోయింది. ప్లాంట్ పక్క ఊరివాళ్లను అడిగితే ఆ పొగ మాయం కాలేదని వాళ్లే చెప్తారు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఏది బాగు చేయించాలి, ఏది మార్చాలి?

రాగి బాయిలర్ అయితే, నల్లా దగ్గర కారుతుంటే, అడుగు జాలీ విరిగితే బాగు చేయించండి, చిన్న ఖర్చు. నడిమి పొగగొట్టమే చిల్లులు పడితే మాత్రం ఆలోచించండి. అది నేరుగా మంటలో ఉండే భాగం, అక్కడ వేసిన మాటు ఎక్కువ రోజులు నిలవదు. మంచి పనివాడు గొట్టం మార్చగలిగితే సరే, లేకపోతే తూకానికి అమ్మడమే మేలు. అమ్మేముందు ఆ రోజు రాగి కిలో రేటు ఫోన్లో చూసుకోండి. పాత సామాన్ల వాళ్లు ఇనుముకిచ్చే రేటుకు రాగి ఇవ్వకండి. ఇనుప జాలీ ఊడదీసి, రాగిని విడిగా తూకం వేయించండి. ఇంకో మాట, సీసంతో మాటు వేసిన బాయిలర్ నీళ్లు తానానికే, తాగడానికీ వంటకూ వద్దు.

కరెంట్ గీజర్ అయితే రూల్ ఇంకా సింపుల్. లోపలి ట్యాంక్ కారుతోందా? అయితే మార్చండి, దానికి రిపేర్ లేదు. ట్యాంక్ బాగుండి నీళ్లు వేడెక్కకపోతే, హీటింగ్ ఎలిమెంట్, థర్మోస్టాట్, థర్మల్ కటౌట్ ఈ మూడింట్లో ఏదో ఒకటి పోయి ఉంటుంది. కొత్త గీజర్‌తో పోలిస్తే ఈ పార్ట్స్ ధర చాలా తక్కువ. బోరు నీళ్లల్లో సున్నం ఎక్కువుంటే ఎలిమెంట్ మీద తెల్లటి పొర గట్టిపడి వేడిని ఆపేస్తుంది. కొన్నిసార్లు దాన్ని శుభ్రం చేస్తే చాలు, కొత్తది కూడా అక్కర్లేదు.

చాలామందికి తెలియని పార్ట్ ఇంకొకటి ఉంది, యానోడ్ రాడ్. గీజర్ ట్యాంక్ లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. దాని పని ఒక్కటే, తాను తుప్పు పట్టిపోయి ట్యాంక్‌ను తుప్పు నుంచి కాపాడటం. ఈ ఉపాయం 1824లో హంఫ్రీ డేవీ చూపించాడు. ఓడల అడుగున ఉన్న రాగి రేకుకు జింకు, ఇనుము ముక్కలు తగిలిస్తే రాగి పాడవకుండా ఉంటుందని నిరూపించాడు. ఈ డేవీ ఎవరో తెలుసా? 1815లో గని కార్మికుల కోసం సేఫ్టీ ల్యాంప్ తయారు చేసిన మనిషే. మంట చుట్టూ సన్నటి ఇనుప జాలీ పెట్టి, గనిలో గ్యాస్ అంటుకోకుండా చేసిన దీపం అది. గని మనిషి ప్రాణం కోసం దీపం చేసినాయన ఆలోచనే ఈరోజు మీ గీజర్‌ను కూడా కాపాడుతోంది. రెండేండ్లకొకసారి ఆ కడ్డీని చూపించండి. అరిగిపోతే మార్పించండి. కొన్ని వందల ఖర్చుతో వేల రూపాయల ట్యాంక్ నిలుస్తుంది.

కొత్తది కొనాల్సే వస్తే, గీజర్‌కు ఐఎస్ 2082, రాడ్‌కు ఐఎస్ 368 ప్రమాణం ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి. ఎర్తింగ్ లేని ఇంట్లో గీజర్ పెట్టొద్దు, ముందు ఎర్తింగ్‌కే డబ్బు పెట్టండి. రాడ్ వాడితే ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి, నీళ్లు ముట్టుకునే ముందు ప్లగ్ తీసేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. ఇక్కడ కూడా పాత రూలే, ముందు నీళ్లు, తర్వాత కరెంట్.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఇంటికొచ్చే బొగ్గు పోయింది, గల్లీకొచ్చే మాట్ల మనిషి దాదాపు పోయాడు. అప్పట్లో రిపేర్ అనేది ఇంటి ముందుకు వచ్చేది, ఇప్పుడు మనం వెతుక్కుంటూ పోవాలి. అది కష్టం కాబట్టే కొత్తది కొనడం ఈజీ అనిపిస్తుంది. కానీ ఆ ఈజీకి ఈఎంఐ కట్టేది మనమే.

కాబట్టి ఈ చలికాలం మీ ఇంట్ల బాయిలర్ మొరాయిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. పాడైంది పాత్రా, లేక పార్టా? పొగకు, ఆవిరికి బయటికి పోయే దారి ఉందా? ఇంట్లో ఈ వేడినీళ్ల పని ఎవరి మీద పడుతోంది? మొదటి ప్రశ్న డబ్బు మిగులుస్తుంది. రెండోది ప్రాణం కాపాడుతుంది. మూడోది వందేండ్ల కిందనే ఎలిజబెత్ ఆండ్రూస్ కమిషన్ ముందు నిలబడి అడిగిన ప్రశ్న. దానికి జవాబు మాత్రం మెకానిక్ దగ్గర దొరకదు, ఇంట్లోనే చూసుకోవాలి.